దేవుడికి దండం, చేతికి పని

కష్టమొస్తే ముందు దేవుణ్ణే తలుచుకుంటాం కదా అక్కలూ! ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా అంతే. దేవుడు తనను సేవకు పిలిచాడని 1837లోనే నమ్మింది ఆవిడ. కానీ 1854 నవంబరులో 38 మంది మహిళలతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరాక ప్రార్థనతోనే సరిపెట్టలేదు. డాక్టర్లు మొదట వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ గొడవపడలేదు, పిలిచేదాకా తనవాళ్లను ఆపింది. గాయపడినవాళ్లు గుంపులుగా వచ్చిపడేసరికి డాక్టర్లే పిలిచారు! చందా డబ్బుతో సామాన్లు కొనిపించింది. 1855లో ప్రభుత్వ బృందం వచ్చి మురుగుకాలువలు బాగుచేశాక చావులు తగ్గాయి. ఆ లెక్కల్నే తర్వాత బొమ్మలుగా గీయించి పెద్దల ముందు పెట్టింది.

మీరూ దీపం పెట్టండి, ప్రార్థన చేసుకోండి, నమాజు చదవండి. లేచాక పాస్‌పోర్టు కాపీలు, ఎంబసీ నంబరు, కాస్త డబ్బు ఒకచోట పెట్టుకోండి. ఆపదలో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఇవాళే రాసుకోండి.