ఆటగాండ్రను వెదకు విద్య

మన దేశమున ఫుట్‌బాలనగా కాలితో బంతిని తన్నుచు ఆడు ఆట. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరుగల ఆట వేరు. అచ్చటి బంతి గుండ్రముగా నుండదు. కోలగా నుండి రెండు కొనలును మొనదేరి యుండును. పక్షమునకు 11 మంది చొప్పున నిలిచి, దానిని చంకబెట్టుకొని పరుగెత్తుదురు. తమలో నొకరికి విసరుదురు. బంతి గల ఎదిరి పక్షమువానిని ఒడిసిపట్టి నేల గూల్చుదురు. కాలితో తన్నుట అరుదు. ఐనను పేరు మాత్రము ఫుట్‌బాలే!

ఈ ఆటయే జీవనోపాధిగా గల జట్లు ఆ దేశమున నేడు 32 కలవు. వానిలో చేరువారు దాదాపు అందరును కళాశాలలలో ఆడి పేరు తెచ్చుకొన్నవారే. వారిని పంచుకొనుటకు ఏటేట ఒక ఎన్నిక జరుగును. దానిని డ్రాఫ్టు అందురు. 1936లో మొదలైన ఈ పద్ధతి చిత్రమైనది. కడచిన ఏడు అందరికంటె ఎక్కువగా ఓడిన జట్టునకు మొదటి వంతు. గెలిచిన జట్టునకు కడపటి వంతు. ఒకరు కోరుకొన్న వానిని వేరొకరు కోరరాదు. ఒక్క వంతు వ్యర్థమైనచో మరల ఏడాది వేచియుండవలెను. కావున ఏ యువకునియందు ఎంత సత్తువ కలదో ముందుగనే కనిపెట్టుటకు ప్రతి జట్టును కొందరు ఉద్యోగులను ఊరూర త్రిప్పును. వీరిని స్కౌటులందురు. మీ పాఠశాలలోని స్కౌటు దళమునకును వీరికిని సంబంధము లేదు.

పెద్ద విశ్వవిద్యాలయములలో ఆడు వానిని కనిపెట్టుట కష్టము కాదు. వేలకొలది జనులు చూచుచుందురు, పత్రికలు వ్రాయుచుండును. చిక్కంతయు చిన్న కళాశాలలతోనే. అచ్చట ఒక యువకుడు అందరిని మించి యాడుచున్నాడనుకొందము. అతడు నిజముగా గొప్పవాడా? లేక ఏ చెట్టును లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమన్న సామెత వలె, ఎదుటివారు దుర్బలులగుటచే గొప్పవాడుగా కనబడుచున్నాడా? ఇది తేల్చుటకై స్కౌటులు కొలతల నాశ్రయింతురు. పొడవు, బరువు, అరచేతి వెడల్పు కొలుతురు. 40 గజముల దూరమును ఎంతసేపటిలో పరుగెత్తునో గడియారము పట్టి చూతురు. మంచి ఆటగాడు దీనిని 5 సెకండ్లలోపుననే ముగించును. సెకండులో పదవ వంతు తేడా వచ్చినను వాని భవిష్యత్తు తారుమారు కావచ్చును. గడియారము అబద్ధమాడదు. కాని అది ఎట్టి నేలమీద పరుగెత్తించిరో చెప్పదు.

ఇచ్చట అమెరికా చరిత్రలోని ఒక అన్యాయమును చెప్పవలసియున్నది. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలోని పెద్ద విశ్వవిద్యాలయములు చిరకాలము నల్లజాతి విద్యార్థులకు ప్రవేశ మీయలేదు. 1960 తరువాతగాని వానిలో పెక్కింటి తలుపులు తెరువబడలేదు. అందుచే ఆ జాతి యువకులు తమకై ఏర్పడిన చిన్న కళాశాలలలో చదివిరి, అచ్చటనే ఆడిరి. వారిలో మేటి యాటగాండ్రు ఎందరో యుండిరి. కాని వృత్తి జట్లవారిలో అనేకులు ఆ మైదానముల ముఖమైనను చూడలేదు.

చూచినవాడొకడు కలడు. అతని పేరు బిల్ నన్. ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన పిట్స్‌బర్గు నగరమున నల్లజాతివారు నడుపు 'పిట్స్‌బర్గ్ కొరియర్' పత్రికలో అతడు క్రీడావిలేఖరి. 1950 మొదలుకొని ఏటేట నల్లజాతి కళాశాలల ఆటగాండ్రలో శ్రేష్ఠులైనవారి పట్టికను ఆ పత్రికలో ప్రకటించుచుండెను. అందుకై దక్షిణ రాష్ట్రములలోని కళాశాలల చుట్టు తిరిగి, శిక్షకులతో స్నేహము చేసెను. ఆ నగరపు జట్టు పేరు స్టీలర్స్. అది 1933లో పుట్టినది మొదలు ఒక్కసారియైనను విజేత కాలేదు. 1969లో 14 ఆటలాడి ఒకే ఒక్కటి గెలిచెను. కంటి యెదుట ఇంత సమాచారముండగా జట్టువారు తన్నెన్నడును ఒక్క మాటయైన అడుగలేదని నన్ నొచ్చుకొనెను. ఈ సంగతి జట్టు యజమాని కుమారుడైన డాన్ రూనీ చెవి సోకినది. అతడు కోపింపక నన్‌ను పిలిపించి, తమకు స్కౌటుగా పనిచేయుమని కోరెను. తప్పును ఎత్తిచూపినవానికే దానిని దిద్దు పని నొప్పగించుట ఎంత తెలివి!

నన్ తిరుగాడిన కళాశాలలనుండియే 1969లో గ్రీన్‌వుడ్, 1970లో మెల్ బ్లౌంట్ ఆ జట్టున చేరిరి. అన్నిటికంటె ప్రసిద్ధమైనది జాన్ స్టాల్వర్త్ కథ. అతడు అలబామా రాష్ట్రములోని ఒక నల్లజాతి కళాశాల విద్యార్థి. విసరిన బంతిని అందుకొనుటలో నేర్పరి. అతనిని పరీక్షించుటకు పలు జట్ల స్కౌటులు కలసి వచ్చిరి. ఆనాడు మైదానము తడిసియుండెను. తడిగడ్డిమీద స్టాల్వర్త్ పరుగు మందకొడిగా సాగినది. అందరును అంకెలు వ్రాసికొని మరియొక ఊరికి బయలుదేరిరి. నన్ మాత్రము తనకు ఒంటిలో బాగుగా లేదని చెప్పి ఆగిపోయెను. మరునాడు స్టాల్వర్త్‌ను పొడినేలమీద మరల పరుగెత్తించెను. ఈసారి గడియారము వేరొక లెక్క చెప్పినది. ఆ లెక్క నన్‌కు దక్క అన్యులకు తెలియదు. ఈ కపటమును కొందరు మెచ్చకపోవచ్చును గాని, ఆగి చూడుమని తక్కినవారికి ఎవరు అడ్డుచెప్పిరి?

1974 డ్రాఫ్టు దినము వచ్చినది. స్టాల్వర్త్‌ను మొదటి వంతుననే కోరుకొందమని ముఖ్యశిక్షకుడు చక్ నోల్ తొందరపడెను. అంత త్వరగా నక్కరలేదు, తక్కినవారికి అతని విలువ తెలియదు, తరువాతకూడ మిగిలియుండునని నన్ మొదలగువారు నచ్చజెప్పిరి. మొదటి వంతున స్వాన్‌ను, రెండవ వంతున 46వ వానిగా లాంబర్ట్‌ను తీసికొనిరి. మూడవ ఆవృత్తిలో వారికి వంతే లేదు. దానిని ముందే వేరొక జట్టున కిచ్చివైచిరి. నడుమ తక్కిన జట్లవారు 35 మంది యువకుల పేళ్లు పిలిచిరి. అందులో ఏ ఒక్కటి స్టాల్వర్త్ పేరైనను నన్ చేసిన శ్రమయంతయు నీటిపాలే. కాని ఎవరును పిలువలేదు. 82వ వానిగా స్టీలర్స్ అతనిని కోరుకొనిరి. ఐదవ ఆవృత్తిలో వెబ్‌స్టర్ దొరకెను. ఈ నలుగురును తరువాత ఆ క్రీడయందలి మహనీయుల స్మారక మందిరమున స్థానము పొందిరి.

ఆ ఏడు అన్ని జట్లును కలసి 442 మందిని ఎన్నుకొన్నవి. ఆ పట్టికలో దక్షిణ కరోలినాకు చెందిన డానీ షెల్ అను యువకుని పేరు లేదు. అతడును నల్లజాతి కళాశాలవాడే. డ్రాఫ్టు ముగిసిన పిదప నన్ అతనితో మాటాడి తమ జట్టులో చేర్పించెను. అచ్చట అతనిని కళాశాలలో ఆడిన స్థానమునుండి ఇంకను వెనుకకు మార్చిరి. షెల్ 14 ఏండ్లు ఆడి, ఎదిరి పక్షమువారు విసరిన బంతిని 51 మారులు నడుమనే పట్టుకొనెను. స్టీలర్స్ ఆ 1974 ఆటకాలముననే తొలిసారి జాతీయ విజేతలైరి. ఆరేండ్లలో నాలుగుమారులు గెలిచిరి.

పరుగు గడియారము తరువాతి కాలమునను అందరికి సరిగా దారి చూపలేదు. 1985లో మిసిసిపీ రాష్ట్రపు చిన్న కళాశాలనుండి వచ్చిన జెర్రీ రైస్ వేగము సామాన్యమని పలువురు తలచిరి. ఇటుకలు పేర్చు తాపీపనివాని కుమారుడతడు. తండ్రికి సాయపడుచు, విసరిన ఇటుకలను చేతులతో నందుకొనుచు పెరిగెను. అతడు ఆట చాలించునాటికి ఎవ్వరును పట్టనన్ని బంతులు, 1,549, పట్టెను.

నన్ 2014లో మరణించువరకు స్టీలర్స్‌తో సంబంధము వీడలేదు. 2021 ఆగష్టులో ఒహాయో రాష్ట్రములోని కాంటన్ నగరమున జరిగిన ఉత్సవములలో అతని పేరు స్మారక మందిరమున చేర్చబడెను. 442 మందిలో చోటు దొరకని డానీ షెల్‌ను కూడ ఆ ఉత్సవములలోనే ఆ మందిరమునకు స్వాగతించిరి.