దిద్దిన మాటకు పాత ముద్ర చెల్లునా?

కామారెడ్డి జిల్లా మాచారెడ్డిలో ఒక మక్కల వ్యాపారి తన ఫోనునుండి గ్రామస్థులకందరకు "రైతులకు క్వింటాలుకు 2,300 రూపాయలు ఇత్తును" అని సందేశము పంపెననుకొందము. పది నిమిషములకు ఆ 3ను 1గా దిద్దెను. వాట్సాప్ సంస్థ 2023 మే నెలలో, పంపిన సందేశమును 15 నిమిషములలోపల దిద్దుకొను వెసులుబాటు కల్పించినది. దిద్దినట్లు ఒక గుర్తు నిలుచును. మొదట ఏమి వ్రాసెనో ఆ గుర్తు చెప్పదు. అప్పటికే మక్కలు బండికెత్తిన రైతు ఏమి రుజువు చూపగలడు?

ఇట్టి చిక్కులకే కాలముద్ర పుట్టినది. 1991లో స్టువార్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అను పరిశోధకులు దాని పద్ధతిని ప్రకటించిరి. లేఖను ఎవరికిని చూపనక్కరలేదు. గణితముచే దానినుండి 'హ్యాష్' అను గుర్తును తీసి, దానినే బహిరంగముగా నమోదు చేయుదురు. 1995 నుండి వారి సంస్థ ఇట్టి గుర్తును వారమువారము న్యూయార్కు టైమ్స్ పత్రికలో అచ్చు వేయించెను. ఇల్లిల్లు చేరిన పత్రికను తిరిగి దిద్దగలవాడెవడు?

నేడు వాడుకలోనున్న ఎస్.హెచ్.ఎ.-256 విధానములో లేఖ ఎంత పెద్దదైనను హ్యాష్ 64 అక్షరములే. ఒక్క చుక్క మారిన, అది గుర్తుపట్టలేనంతగా మారును. మన తెలుగులో మరియొక వింత కలదు. 'రైతు' అను మాటలోని ఐత్వమును యూనికోడులో ఒక సంకేతముతోనైనను, రెండింటితోనైనను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే; హ్యాష్‌కు వేర్వేరు!

దిద్దుటతో పాత ముద్ర చెడునని కొందరు తలచవచ్చును. చెడదు. రైతు ఫోనులోని మరియొక యాప్ 2,300 అన్న పాఠమునకు ముద్ర వేసియున్నచో, అది చెక్కుచెదరదు. కాని 2,100కు అది సాక్ష్యమీయదు. మొదటి పాఠమునే పారవేసిన, ఉత్తరము పోయి లక్క మిగిలినట్లగును. హ్యాష్‌ను తిరగదిప్పి మాటలను రాబట్టు మార్గము లేదు, ఊహించి సరిచూడవలసినదే. అందుచే పాఠములన్నింటిని దాచి, వేర్వేరుగా ముద్ర వేసి, కొత్తదానిలో పాతదాని హ్యాష్‌ను చేర్చుట యాప్‌లు చేయదగిన పని.

మన రిజిస్ట్రేషను కచేరీలకు ఈ జాగ్రత్త క్రొత్త కాదు. 1908 నాటి చట్టము ప్రకారము, దస్తావేజులోని కొట్టివేతలకు వ్రాసియిచ్చినవారు సంతకముగాని పొడి అక్షరములుగాని చేయనిదే అధికారి దానిని నిరాకరింపవచ్చును.

2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఎలక్ట్రానిక్ సాక్ష్యపు ధ్రువపత్రములో హ్యాష్‌ను కూడ కోరుచున్నది. అయినను కాలముద్ర ఆ మాట ఆ వేళకు ఉన్నదని మాత్రమే చెప్పును, ఎవరు వ్రాసిరో చెప్పదు. మన రైతు ఆ సందేశము వ్యాపారిదేనని వేరుగా రుజువు చేసికొనవలసియుండును.