డమాస్కస్ కత్తికి మన తెలంగాణ ఉక్కు: కోనాసముందర్‌లో మిగిలిందేమిటి?

ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి వెళ్లే దారిలో కమ్మర్‌పల్లి దగ్గర కోనాసముందర్ అనే ఊరుంది. పాత పుస్తకాల్లో దీన్నే కోనసముద్రం అని రాశారు. నిజామాబాద్ జిల్లాలోని ఈ ఊరి పేరు ఒకప్పుడు ఇరాన్ దాకా తెలుసు. కారణం ఇక్కడి ఉక్కు. పార్సీ, ఉర్దూల్లో ఫౌలాద్ అనేది దాన్నే.

ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటిన వేడి కావాలి. బొగ్గు, తిత్తులతో నడిచే కొలిమికి అంత వేడి అందదు. ఇక్కడి కమ్మర్లు దానికో ఉపాయం వాడేవారు. ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, అందులో ఇనుప ముక్కలు పెట్టి, మూత బిగించి, కట్టెబొగ్గు మంటలో గంటల తరబడి కాల్చేవారు. మూసలోని ఇనుము కార్బన్‌ను పీల్చుకునేది. కార్బన్ కలిస్తే ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. తర్వాత మెల్లగా చల్లారనిస్తే గట్టి ఉక్కు ముద్ద తయారు!

అలాంటి ముద్దను సాగగొట్టి చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. వాటినే జౌహర్ అంటారు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఈ గీతలే. ఇంగ్లీషువాళ్లు ఈ లోహాన్ని ఊట్జ్ అన్నారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం.

1820ల్లో హెన్రీ వాయ్సీ అనే సర్వే అధికారి ఇక్కడి పని కళ్లారా చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి సంగతి కూడా అందులో ఉంది. మరి ఆ కొలిములు ఎందుకు ఆరిపోయాయి? ఫ్యాక్టరీల్లో తయారైన చౌక ఉక్కు వచ్చింది, కత్తులకు గిరాకీ పడిపోయింది.

ఇప్పుడు వెళ్తే కోటలు, గుమ్మటాలు కనిపించవు. నల్లటి చిట్టెం, కాలి గాజులా మెరిసే మూస పెంకులు, అంతే. చూసేవాళ్లకు చెత్తలా ఉంటాయి కాబట్టే వాటికి ముప్పు. పొలం చదును చేసినా, ఇల్లు కట్టినా మట్టితో పాటే పోతాయి. గుర్తుగా ఒక్క పెంకు జేబులో వేసుకోవడమూ తప్పే. అది ఎక్కడ దొరికిందన్నదే దాని విలువ. అక్కడి నుంచి కదిపితే అది మామూలు పెంకే.

ఆ కమ్మర్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. వాళ్లు వదిలిన సాక్ష్యం ఈ చిట్టెమే.