మరుగుదొడ్డి కట్టే ముందు గుంత సంగతి తేల్చుకోవాలి
కొత్త ఇల్లు కట్టుకునే గ్రామస్థులు గమనించవలసిన విషయాలు

కొడిమ్యాల: ఇల్లు మొదలుపెట్టిన మనిషి దర్వాజ ఏ దిక్కున పెట్టాలి, వంటిల్లు ఏ మూలకు రావాలి అని పదిమందిని అడుగుతాడు. స్లాబుకు ఎంత ఇనుము పడుతుందో, ఇసుక ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తాడు. మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో ఒకటి పెట్టమని మేస్త్రీకి వదిలేస్తాడు. గృహప్రవేశమైన కొన్నాళ్ళకు దాని ఫలితం తెలుస్తుంది. గుంత నిండి నీళ్ళు వెనక్కి తన్నుతాయి. వాకిట్లో మోరీ కంపు కొడుతుంది. అప్పటికి టైల్సు పరచి, గోడలకు రంగులు కూడా వేసి ఉంటారు. మళ్ళీ తవ్వాలంటే కట్టిన ఖర్చుకు రెట్టింపు అవుతుంది.

కొడిమ్యాల మండలంలోని పల్లెల్లో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కొడుకులు పంపే డబ్బుతో కట్టుకునే వారు కొందరు. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద 5 లక్షల రూపాయల సాయంతో కట్టుకునే వారు కొందరు. అంతకు ముందు, 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ కింద ఇంటికి 12 వేల రూపాయల చొప్పున ప్రోత్సాహకం ఇచ్చి దొడ్లు కట్టించారు. వాటిలో కొన్ని వాడకం లేక కట్టెలు, పాత సామాను వేసుకునే కొట్లుగా మారాయి. మరికొన్ని ఇళ్ళలో ఆడవారికి మాత్రమే దొడ్డి వదిలి, మగవారు చెంబు పట్టుకొని చెలకల వైపే పోతున్నారు. దీనికి నీళ్ళ ఎద్దడి ఒక కారణమైతే, గుంత నిండితే ఎట్లా అన్న భయం రెండవ కారణం. ఆ భయం పోవాలంటే పైన పెట్టే బేసిన్ కంటే ముందు కింద తవ్వే గుంత గురించి తెలుసుకోవాలి.

రెండు గుంతల పద్ధతి

గుంత ఎంత పెద్దదైతే అంత మంచిదని మనవాళ్ళ నమ్మకం. అందుకే సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దింపి, లోతుగా ఒకే గుంత వేయిస్తారు. తమ కాలంలో నిండదులే అని ధీమాగా ఉంటారు. కాని ఒకే గుంత ఉన్నప్పుడు రోజూ పాత మలం మీద కొత్త మలం పడుతూనే ఉంటుంది. అది ఎప్పటికీ మాగదు, ఎండదు. నిండిన రోజున ట్యాంకరు బండిని పిలవడం తప్ప దారి ఉండదు.

రెండు చిన్న గుంతలు తవ్వితే ఈ బాధ తీరుతుంది. అయిదారుగురు ఉన్న ఇంటికి ఒక్కొక్కటి మీటరు వెడల్పు, మీటరుకు కొంచెం పైన లోతు ఉంటే చాలు. బేసిన్ నుంచి వచ్చే పైపు ఒక చిన్న తొట్టిలో రెండు దారులుగా చీలుతుంది. ఒక దారి మూసి ఉంచి ఒక గుంతనే వాడాలి. నీళ్ళు మట్టిలోకి ఇంకిపోతాయి, గాలి కూడా మట్టిలోకే పోతుంది, గట్టి పదార్థం మాత్రమే మిగులుతుంది. అందుకే ఇంత చిన్న గుంత నిండడానికి కూడా సుమారు మూడేళ్ళు పడుతుంది. నిండగానే తొట్టి మూత తీసి, ఆ దారి మూసి, రెండవ దారి తెరవాలి. నిండిన గుంతను కనీసం ఏడాది, వీలైతే రెండేళ్ళు ముట్టకుండా వదిలేస్తే లోపలిదంతా మాగి పొడి ఎరువు అవుతుంది. దానికి వాసన ఉండదు. పారతో తీసి చేనుకు వేసుకోవచ్చు.

ఇది కొత్త సంగతి కాదు. బీహారుకు చెందిన బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థను స్థాపించి ఈ పద్ధతినే దేశమంతా ప్రచారం చేశారు. ఆయనకు 1991లో పద్మభూషణ్ వచ్చింది. 2023 ఆగస్టు 15న కన్నుమూశారు.

గంగదేవిపల్లి గుంతలో ఢిల్లీ అధికారి

మలం ఎరువు అవుతుందంటే నమ్మని వారికి మన రాష్ట్రంలోనే రుజువు ఉంది. వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లికి 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వచ్చారు. ఒక ఇంటి మరుగుదొడ్డి గుంతలోకి స్వయంగా దిగి, మాగిన ఎరువును చేతులతో ఎత్తి చూపారు. వెంట వచ్చిన ఇతర రాష్ట్రాల అధికారులు కూడా గుంతలో దిగారు. అంత పెద్ద అధికారి దిగగలిగాడంటే అది రెండు గుంతల దొడ్డి కాబట్టే. వాడకం ఆపి, మాగనిచ్చిన గుంత కాబట్టే.

వాడుకలో ఉన్న గుంతలోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని మనిషిని దింపడం ప్రాణాలతో చెలగాటమే. అందులో పుట్టే విషవాయువు ఒక్క నిమిషంలో మనిషిని పడగొడుతుంది. పడినవాణ్ణి తీయబోయి రెండవవాడు, వాణ్ణి తీయబోయి మూడవవాడు పోయిన ఘటనలు దేశంలో ఎన్నో జరిగాయి. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులో మనిషిని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కూలికి పిలిచిన ఇంటి యజమానికి కూడా ఇది వర్తిస్తుంది. మురుగు కాలువలు శుభ్రం చేస్తూ చనిపోయిన వారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పు చెప్పింది. చేతులతో మలం ఎత్తే పని పోవాలని పోరాడుతున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టినవారే. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు లభించింది. మన ఇంటి గుంత రేపు ఎవరు తీయాలి అన్న ప్రశ్న కట్టేనాడే వేసుకోవాలని చెప్పడానికే ఇదంతా.

మేస్త్రీలు చేసే పొరపాట్లు

కొన్ని ఇళ్ళలో రెండు గుంతలు ఉంటాయి గాని మొదటిది నిండి రెండవ దానిలోకి పొర్లేటట్టు కలుపుతారు. అప్పుడు రెండూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి. రెండు గుంతలు వేసిన ఫలితం దక్కదు. చీలిక తొట్టి తప్పనిసరిగా ఉండాలి. గుంతలకు నడుమ మీటరు దూరం వదలాలి. గోడలు ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి. రింగులైతే చిల్లులు ఉన్నవే వాడాలి. అడుగున సిమెంటు వేయకూడదు. మూత నేలకు జానెడు ఎత్తున ఉంటే వాననీళ్ళు దిగవు. స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఈ గుంతలోకి వదలకూడదు. వాటికి వేరే ఇంకుడు గుంత తవ్వుకోవాలి. రెండు గుంతల దొడ్డికి గాలి గొట్టం అవసరం లేదు.

బావి, బోరు జాగ్రత్త

వాస్తు చూసి మూల నిర్ణయించుకోవడం మన అలవాటు. దానితోపాటు బావి ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. మన బావి నుంచే కాక పక్కింటి బోరు నుంచి కూడా గుంత కనీసం 10 మీటర్లు, అంటే 33 అడుగులు దూరం ఉండాలి. అంత జాగా లేకపోతే గుంత చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపి, అడుగును మాత్రం కాంక్రీటుతో మూయాలి. చెరువు కట్ట కింది ఇళ్ళలో వానాకాలం ఊట పైకి వస్తుంది. అక్కడ గుంత లోతు తగ్గించి, గోడలు నేలకు పైకి లేపి చుట్టూ మట్టి పోయాలి.

మన ప్రాంతంలో గుట్టలు, బండలు ఎక్కువ. తవ్వితే పగుళ్ళ బండ తగిలే చోట ఇంకుడు గుంత పనికిరాదు. పగుళ్ళ గుండా మురికి నీరు చాలా దూరం పోయి బోరులో కలుస్తుంది. నల్లరేగడిలో నీళ్ళు మెల్లగా ఇంకుతాయి కాబట్టి గుంత కొంత పెద్దది చేయాలి.

సెప్టిక్ ట్యాంకు ఎవరికి?

బండ నేల వారికి, నీళ్ళు ఎక్కువ వాడే కమోడ్ పెట్టుకునే వారికి సెప్టిక్ ట్యాంకు తగినది. అయితే అడుగు, గోడలు నీళ్ళు కారకుండా కట్టినదే సెప్టిక్ ట్యాంకు. అడుగు లేని రింగుల గుంతకు ఆ పేరు పెట్టుకుంటే సరిపోదు. అయిదుగురికి 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడుంబావు అడుగుల నీటి లోతు చాలునని భారతీయ ప్రమాణాల లెక్క. లోపల అడ్డుగోడ, ఇంటి కప్పు దాటే గాలి గొట్టం ఉండాలి. బయటికి వచ్చే నీళ్ళు శుభ్రమైనవి కావు. వాటిని మోరీలోకి వదిలితే వీధివారందరికీ రోగాలు పంచినట్టే. ఇంకుడు గుంతకే కలపాలి. బండ మీదైతే దాన్ని మట్టి పోసి ఎత్తు చేసిన చోట కట్టుకోవాలి. ఈ ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి మిషను బండితో తీయించాలి. బండి ఇంటి దాకా వచ్చే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి. యాసిడ్, ఫినాయిలు అదే పనిగా పోస్తే మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

ఇక పైన ఏది పెట్టాలి?

గుంత తేలిన తర్వాత బేసిన్ కొనడం సులువు. పట్నాల్లో అమ్మే పల్లపు బేసిన్లకు నీళ్ళు ఎక్కువ పోయాలి. గ్రామాల కోసం చేసిన, లోపలి వాలు బాగా నిటారుగా ఉండే బేసిన్‌కు లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళు చాలు. దాని కింది ట్రాప్‌లో ఎప్పుడూ వేలెడు నీళ్ళు నిలిచి వాసనను, ఈగలను ఆపుతాయి. అయిదుగురున్న ఇంట్లో రోజుకు 15 సార్లు అనుకుంటే 30 లీటర్లు అవుతుంది. పెద్ద ఫ్లష్ కమోడ్‌కు సారికి 6 లీటర్ల చొప్పున 90 లీటర్లు, పాత రకం 10 లీటర్ల తొట్టికైతే 150 లీటర్లు పోతాయి. నల్లా రాని రోజున ఈ తేడా బాగా తెలుస్తుంది.

అట్లాగని కమోడ్ దండగ కాదు. 2005-06లో చికున్ గున్యా సోకిన తర్వాత కీళ్ళు పట్టేసిన పెద్దవారు ఎందరో. కొడుకు దుబాయిలో, కోడలు పొలంలో ఉంటే ముసలి తల్లి ఒంటరిగా కింద కూర్చుని లేవలేదు. అటువంటి ఇంట్లో కమోడ్ పెట్టడమే న్యాయం. 3, 6 లీటర్ల రెండు మీటలున్న తొట్టి కొనాలి. పైపు గోడలోకి పోయే రకమా, నేలలోకి పోయే రకమా అన్నది ముందే తెలుసుకోవాలి. నేలలోకి పోయేదైతే గోడ నుంచి పైపు మధ్యకు దూరం 9 అంగుళాలా, 12 అంగుళాలా అన్నది రకాన్ని బట్టి మారుతుంది. అందుకే కమోడ్ కొన్న తర్వాతే మేస్త్రీ చేత పైపు వేయించాలి. కమోడ్‌కు స్తోమత లేని వారు మామూలు బేసిన్ మీద వేసుకునే చిల్లు కుర్చీ కొనుక్కోవచ్చు. ఏది పెట్టినా గోడకు పట్టుకునే రాడ్ బిగించాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డం పడితే లోపలికి తోయడం కుదరదు.

ఇల్లు ముగ్గు పోసిన నాడే మేస్త్రీని నాలుగు మాటలు అడగాలి. గుంతలు ఎన్ని? చీలిక తొట్టి ఎక్కడ? బావికి దూరం ఎంత? నిండిన తర్వాత తీసేది ఎట్లా? జవాబు తడబడితే పని ఆపి, ఈ పద్ధతి తెలిసినవారిని పిలిపించడం మంచిది. గ్రామ పంచాయతీలు కూడా చొరవ తీసుకొని మండలంలోని మేస్త్రీలకు రెండు గుంతల దొడ్డి కట్టడంలో ఒకటి రెండు రోజులు శిక్షణ ఇప్పిస్తే, కొత్తగా ఇళ్ళు కట్టుకుంటున్న పేదలకు ఎంతో మేలు జరుగుతుంది.