బుర్రకథ పందిరి నుంచి ఆరోగ్య కేంద్రం దాకా

ముంబై, షోలాపూర్, భీవండీ వంటి నగరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిని ఒకచోట చేర్చేవి వినాయక చవితి పందిళ్లు, బతుకమ్మ ఆటలు. ఆ కూడికలలో ప్రజారోగ్యానికి కూడా చోటు కల్పించవచ్చు. అందుకు క్షయ వ్యాధి చక్కని ఉదాహరణ.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఈ వ్యాధి ముఖ్య లక్షణాలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. అయినా పలువురు పరీక్షకు వెనుకాడుతారు. పని పోతుందని, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారని, ఆడపిల్ల పెళ్లి చెడుతుందని భయం. వైద్యుని భాష వేరు కావడం మరొక అడ్డంకి.

ఇటువంటి భయాలను తీర్చడానికి బుర్రకథ అనువైన కళ. షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ పురస్కారం తెచ్చినది ఈ కళే. తంబుర ధరించిన కథకుడు కథ నడుపుతాడు. ఇరువైపుల వంతపాడేవారిలో ఒకరు హాస్యం, మరొకరు లోకవ్యవహారం పలుకుతారు. సభలో ఎవరూ అడగలేని ప్రశ్నను హాస్యగాడు అడుగుతాడు: “ఒకే కంచంలో తింటే అంటుకుంటుందా?” అంటుకోదని, వ్యాధి దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుందని కథకుడు బదులిస్తాడు. చదువు రానివారికి సైతం విషయం బోధపడుతుంది.

కథ ముగిసిన తరువాత స్వచ్ఛంద సేవకుల పని మొదలవుతుంది. అనుమానమున్నవారి వెంట ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, వైద్యునికి, రోగికి మధ్య మాట అందించాలి. చికిత్స సాధారణంగా ఆరు నెలలు. కొన్ని వారాలకే నెమ్మదించినదని మందులు మానితే, వ్యాధి మందులకు లొంగని రూపం దాల్చవచ్చు. స్వగ్రామానికి వెళ్లవలసిన రోగి ముందుగా కేంద్రంలో తెలిపితే, చికిత్సను అక్కడికి బదిలీ చేస్తారు. పోషకాహారానికై ప్రభుత్వం ఇచ్చే సహాయం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. అది బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఖాతా లేనివారికి తెరిపించడం కూడా సేవయే. రోగి పేరు మాత్రం ఇతరులకు చెప్పరాదు.

కళలకు, ఆరోగ్యానికి గల సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి, వ్యాధి నివారణలోను, చికిత్సలోను కళలు తోడ్పడుతాయని తెలిపింది. కాలనీ సంఘాలు పండుగకు ముందే వార్డు ఆరోగ్య సిబ్బందితో మాట్లాడి, పందిరి పక్కన ఒక బల్లకు, ఇద్దరు సేవకులకు ఏర్పాటు చేసుకొంటే చాలు. కథ విన్నవారికి అడుగు వేయవలసిన దారి అక్కడే కనబడుతుంది.