జీతపు చీటిలోని రెండు పాళ్లు

గడచిన మాసమున ఆదోనిలో మా పొరుగింటి యిల్లాలు పెనిమిటి జీతపు చీటిని మా యెదుట బెట్టి, "అక్కా, పదివేల జీతానికి భవిష్యనిధి అని రెండువేల నాలుగునూర్లు పట్టుకొన్నారు. ఇదేం న్యాయం?" అని యడిగినది. ఆతడు నూలుమిల్లులో పనివాడు. మేమును మావారి చీటీలను ఏండ్లతరబడి చదువకయే పెట్టె యడుగున దాచినవారమే గనుక, ఆమెకు బుద్ధి చెప్పు నర్హత మాకు లేదు. ఇరువురమును కూర్చుండి లెక్క వేసితిమి.

భవిష్యనిధి 1952 నాటి చట్టముతో ఏర్పడినది. మూలవేతనము, కరవుభత్యము కలిపి నూటికి 12 రూపాయలు పనివాని పాలు. యజమాని తన సొమ్ములోనుండి మరి 12 చేర్చవలెను. పదివేలకు చెరి 1,200. యజమాని పాలులో 833 రూపాయలు పింఛను నిధికి పోవును. 367 మాత్రమే భవిష్యనిధికి చేరును. కావున ఖాతాలో రెండు వరుసలు సమానముగా లేవని సోదరీమణులు బెదరనక్కరలేదు. పనిలోనుండగా సభ్యుడు మరణించినచో, ఒక్క మాసపు చందాయే చెల్లియున్నను భార్యకు పింఛను గలదు.

అయితే యజమాని తన పాలును పనివాని జీతమునుండి తీయరాదు. పొరుగామె చీటిలో తీసినది రెండు పాళ్లును! యజమాని ఇచ్చినట్లు వ్రాసిన సొమ్ము ఆమె వంటయింటిలోనుండి పోయినదే.

1948 నాటి చట్టపు కార్మిక బీమా వేరు. దానికి పదివేలకు పనివాని పాలు 75, యజమానిది 325. కుటుంబమునకంతకు వైద్యము లభించును. పనిచేయు స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారముల వేతనము గలదు. కాని ప్రత్తి గింజ తీయుట, బేళ్లు కట్టుట, వేరుసెనగకాయ లొలుచుట మాత్రమే చేయు మిల్లులను చట్టము ఋతుకర్మాగారములని బీమాకు వెలుపల నుంచినది. ఆదోనిలో ఎందరు స్త్రీల బ్రదుకు ఆ మిల్లులలోనే గదా! అట్టిచోట కాన్పు వేతనమును యజమానియే నేరుగా ఇయ్యవలెను. అందుకు వెనుకటి పండ్రెండు మాసములలో 80 దినములైన పనిచేసియుండవలెను. హాజరు పట్టీలో పేరెక్కని స్త్రీ ఆ దినములను ఎట్లు చూపగలదు?

పొరుగామె పుట్టిల్లు ఎమ్మిగనూరు, తండ్రి నేతవాడు. "మా నాయనకు ఇట్లాంటిది ఉందా?" అనినది. అచ్చట మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. ఇంటి మగ్గముపై నేయువానికి నెలజీతము లేదు. సహకార సంఘముల నేతవారికి తమ కూలిలో కొంత దాచుకొనగా ప్రభుత్వము కొంత చేర్చు పొదుపు నిధి వేరుగా ఏర్పడినది. దినమంతయు కండెలు చుట్టిన తల్లి పేర ఖాతా కలదా యని మేమడుగగా ఆమె నవ్వినది.

పెనిమిటి మిల్లులో నోరు విప్పుటకు వెరచెను. ఆమె ఆరు మాసముల చీటీలను దారముతో కుట్టి, భవిష్యనిధి కార్యాలయమునకు అర్జీ వ్రాయుమని మమ్ము కోరినది. వ్రాసితిమి. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.