మంచుమీద బాతు

“బాతు కాళ్ళకు ఈకలు లేవు. గడ్డకట్టిన చెరువుమీద అది గంటలకొద్ది నిలుచున్నను ఆ కాళ్ళేల గడ్డకట్టవు?” అని ఒక విద్యార్థి తరగతిలో నన్నడిగెను. కొల్లేటి పరిసరములందును, గోదావరి కాలువల వెంటను బాతుల మందలను చూచి పెరిగిన మనకు ఈ ప్రశ్న తట్టదు; అచ్చటి నీరెన్నడును గడ్డకట్టదు గదా! కాని కాశ్మీరమున దాల్ సరస్సు చుట్టుపట్ల ఇండ్లవారు బాతులను పెంచెదరు. అచ్చట డిసెంబరు 21 మొదలు నలువది దినములను ‘చిల్లై కలాన్’ అందురు. అది గడ్డుచలి కాలము. 2024 డిసెంబరులో ఒక రాత్రి శ్రీనగరమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 8 డిగ్రీలు దాటెను.

బాతు శరీరపు ఉష్ణోగ్రత సుమారు 41 సెంటీగ్రేడు డిగ్రీలు. వెలుపల సున్నకు దిగువ 5 డిగ్రీలున్నచో తేడా 46 డిగ్రీలు. ఇంతటి తేడాను నిలుపునది పైయీకల క్రిందనున్న మెత్తని నూగు. నిజమునకు నూగుకంటె దానిలో చిక్కుకొన్న గాలియే ముఖ్యము. గాలి అధమ ఉష్ణవాహకము. నీరు గాలికంటె ఇంచుమించు 25 రెట్లు బాగుగా వేడిని కొనిపోవును. కనుక నూగు తడిసినచో కంబళి పోయినట్లే. తోక మొదట నున్న తైలగ్రంథినుండి బాతు ముక్కుతో నూనెను తీసి ఈకలకు పూసికొనుచుండును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. ఒకే కొలత గల రెండు సీసాలలో సమానమైన వేడినీరు పోసి, ఒకదానికి పొడి దూదిని, రెండవదానికి తడి దూదిని చుట్టి, ఐదేసి నిమిషములకు ఉష్ణమాపకముతో చూడుడు. తడి దూది చుట్టిన సీసా ఎంత త్వరగా చల్లారునో తెలియును.

ఇక కాళ్ళ సంగతి. కాలిలోనికి వేడి రక్తము తెచ్చు ధమనులును, చల్లని రక్తమును పైకి కొనిపోవు సిరలును ఒకదానినొకటి ఆనుకొని యుండును. ప్రవాహములు ఎదురెదురు. ఒక గొట్టములో 40 డిగ్రీల నీరు, దాని ప్రక్క గొట్టములో 0 డిగ్రీల నీరు సమానముగా పారుచున్నవనుకొందము. రెండును ఒకే దిక్కునకు పారినచో తుదకు రెండును 20 డిగ్రీలకు చేరును. సగము వేడియే చేతులు మారినది. ఎదురెదురుగా పారినచో, చల్లారుచున్న నీటికి అడుగడుగునను తనకంటె చల్లని నీరే ఎదురగును. గొట్టములు తగినంత పొడవైనచో దాదాపు వేడియంతయు రెండవ ధారకు మారగలదు. బాతు కాలిలో జరుగునదియు ఇదే. వేడి పాదమునకు దిగకముందే శరీరమునకు తిరిగిపోవును. పాదము సున్నకు కొన్ని డిగ్రీల పైన మాత్రముండును. అచ్చట కండ లేదు; ఎముకలును వానిని కదలించు త్రాళ్ళవంటి బంధకములును మాత్రమే కలవు. కనుక ఆ చలి దానిని బాధింపదు. పాదము గడ్డకట్టు స్థితి వచ్చినచో రక్తప్రసారము హెచ్చి కాపాడును.

ఇంతటి ఏర్పాటున్నను బాతులు చలికాలమున జబ్బుపడుట కలదు. శ్రీనగరమున ఉద్యోగము చేయుచున్న మా బావగారు నాలుగు బాతులను పెంచుచున్నారు. మొదటి చలికాలమున, జాలిపడి, గూటి సందులన్నిటిని గోనెలతో బిగించిరి. పది దినములలో మగబాతు కన్నులు వాచి నీరు కారసాగెను. ఆడబాతు ఒకటి మరణించెను. “చలి దెబ్బ” అని ఆయన వ్రాసిరి. తెల్లవారగానే గూటిలో తడిపిన ఎర్ర లిట్మస్ కాగితమును పట్టుకొని చూడుమని నేను వ్రాసితిని. అది నీలముగా మారెను!

బాతు రెట్టలో అధికభాగము నీరే. అందలి యూరిక్ ఆమ్లమును బాక్టీరియా విడగొట్టగా అమ్మోనియా పుట్టును. మూసిన గూటిలో ఆ వాయువు కన్నులను, ఊపిరితిత్తులను తినివేయును. ఊపిరిలోని ఆవిరి గోడలపై నీరై పడకను తడుపును. కనుక గాలి బాతుల ఎత్తున వీచరాదు గాని, కప్పు దగ్గర తెరపి తప్పక ఉండవలెను. క్రింద జానెడు మందమున పొడిగడ్డి పరచి, తడిసినంతమేర తీసివేయుచుండవలెను. తడిపాదముతో రాత్రియంతయు రాతిపైనను, రేకుపైనను నిలుచుట మంచిది కాదు. మస్కొవీ జాతి ఉష్ణ అమెరికానుండి వచ్చినది. దాని ముఖముపైని ఎర్రని కండ చలికి త్వరగా చెడును.

నీటి విషయమున మరియొక చిక్కు. బాతు తల మునుగునంత లోతు నీరు లేనిదే ముక్కురంధ్రములను, కన్నులను కడుగుకొనజాలదు. నీరు లేక మేత మ్రింగుటయు కష్టమే. గడ్డకట్టిన తొట్టిలో దినమునకు రెండు మూడు మారులు గోరువెచ్చని నీరు పోయుటే సులభమార్గము. ఉప్పు కలిపినచో గడ్డకట్టదు గదా యని మా విద్యార్థి ఒకడనెను. భౌతికశాస్త్రము సరియే, బాతుమాత్రము బ్రతుకదు. అధికమైన ఉప్పు దానికి విషము. రాత్రి నీటిని, మేతను రెంటిని గూటినుండి తీసివేయుట మేలు, పడక పొడిగానుండును. ఎండయున్న మధ్యాహ్నమున కొంతసేపు ఈదనిచ్చిన తప్పులేదు. వలస వచ్చిన అడవిబాతులతో మాత్రము కలియనీయరాదు. అవి పక్షుల ఇన్‌ఫ్లుయెంజాను తేగలవు.

చలిలో మేత హెచ్చవలెను. సాయంకాలము కొంచెము మొక్కజొన్నయో, గోధుమయో వేసినచో రాత్రి అది అరుగుచు వేడినిచ్చును. కాని బూజుపట్టిన గింజ ఎంత కొంచెమైనను వేయరాదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్ళును, వానితోపాటు బాతుపిల్లలును చనిపోయెను. కారణము, మేతలో కలిపిన వేరుశనగ చెక్కపై పెరిగిన బూజు. అది చేసిన విషమునకే అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చినది. బాతుపిల్లలు దానికెంత సుకుమారములనగా, మేతలో ఆ విషమున్నదో లేదో తెలిసికొనుటకు తొలుత వానినే వాడిరి. చెక్కను ఎండబెట్టినను, ఉడికించినను ఆ విషము పూర్తిగా పోదు. వేరుశనగ పండించు మన జిల్లాలలో చెక్కను పశువులకు, కోళ్ళకు వేయువారు దీనిని గమనింపవలెను.

బావగారు గోనెలు విప్పి, కప్పుక్రింద రెండు ప్రక్కల జానెడేసి తెరపి చేయించిరి. మగబాతు కన్నులు మూడువారములకు తేటపడెను. ఇప్పుడది గూడు తెరచియున్నను మంచులోనే, ఒక కాలు పొట్టక్రింది ఈకలలో దాచుకొని, ముక్కు వీపుమీది ఈకలలోనికి దూర్చి నిద్రించుచున్నదట.